జీపీఆర్ యాంటెన్నాని కంప్యూటర్లో కట్టడం ఎలా: డైపోల్ నుంచి బౌటై దాకా

మొదటిసారి జీపీఆర్ (నేలలోకి, కాంక్రీట్‌లోకి తరంగాలు పంపి లోపలేముందో చూసే రాడార్) మోడల్ రన్ చేసినప్పుడు వచ్చిన బొమ్మ చూసి తెగ మురిసిపోయా. కాంక్రీట్‌లో ఒక రాడ్, దాని మీద గొడుగులాంటి చక్కటి వంపు, ఎక్కడా మచ్చ లేదు. తర్వాత అలాంటి స్లాబ్ మీద నిజం రాడార్ లాగి తెచ్చిన డేటా పక్కన పెట్టి చూస్తే రెండింటికీ చుట్టరికం కూడా లేదనిపించింది, నిజం దాంట్లో పైన మందంగా అడ్డపట్టీలు, గొడుగు కింద ఇంకో రెండు గొడుగులు, రాడ్ పైభాగం ఎక్కడుందో తేల్చుకోలేనంత గజిబిజి. వారం రోజులు కాంక్రీట్ విలువలు మార్చి మార్చి చూశా, ఏం లాభం లేదు. ఎందుకంటే తప్పు కాంక్రీట్‌ది కాదు, నా మోడల్లో అసలు యాంటెన్నానే లేదు! ఒక చుక్కంత సోర్స్ పెట్టి దాన్నే రాడార్ అనుకున్నా.

అందుకే ఇది రాస్తున్నా. జీపీఆర్ యాంటెన్నాని మోడల్లో ఎలా పెట్టాలి, ముఖ్యంగా పెట్టింది కరెక్టో కాదో ప్రతి మెట్టు దగ్గర ఎలా చూసుకోవాలి అని. చెక్ చేసుకోకుండా ముందుకెళ్తే రంగురంగుల బొమ్మ ఎప్పుడైనా వస్తుంది, ఈ సాఫ్ట్‌వేర్లతో ఉన్న చిక్కే అది, తప్పు ఇన్‌పుట్‌కి కూడా అందమైన బొమ్మ ఇస్తాయి.

నేను వాడేది జీపీఆర్‌మ్యాక్స్. ఎడిన్‌బరా యూనివర్సిటీకి చెందిన ఆంటోనిస్ జియానోపోలస్ 1996లో మొదలుపెట్టిన ప్రోగ్రాం, తర్వాత క్రెయిగ్ వారెన్ దాన్ని పైథాన్‌లో తిరగరాశారు. ఫ్రీ, ఓపెన్ సోర్స్. లోపల నడిచేది ఎఫ్‌డీటీడీ, అంటే 1966లో కేన్ యీ అనే ఆయన ఇచ్చిన పద్ధతి, స్థలాన్ని చిన్న చిన్న డబ్బాలుగా కోసి, ప్రతి డబ్బా అంచుల మీద ఎలక్ట్రిక్ ఫీల్డ్, ముఖాల మీద మాగ్నెటిక్ ఫీల్డ్ పెట్టి, కాలాన్ని కూడా ముక్కలు చేసి ఒకదాని తర్వాత ఒకటి లెక్కేసుకుంటూ పోవడమే. ఇన్‌స్టాల్ గురించి ఎక్కువ చెప్పను, మినీకోండా (పైథాన్ సెటప్ చేసే ప్రోగ్రాం) పెట్టుకుని, కోడ్ దించుకుని, అందులో ఇచ్చిన ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌తో సెటప్ చేసి బిల్డ్ కొట్టడమే. విండోస్ వాళ్ళు మాత్రం మైక్రోసాఫ్ట్ సీ కంపైలర్ ముందే వేసుకోండి, బిల్డ్ దగ్గర ఆగిపోయేవాళ్ళలో చాలామంది అది లేకే ఆగుతారు.

ఇన్‌పుట్ అంతా మామూలు టెక్స్ట్ ఫైల్. కమాండ్ పేర్లు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నా, ఫైల్లో మాత్రం ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో, ముందు హ్యాష్ గుర్తు, పేరు తర్వాత కోలన్ పెట్టి రాయాలి. కొలతలన్నీ మీటర్లు, సెకండ్లు, హెర్ట్జ్‌లలోనే, మిల్లీమీటర్లలో వేశారంటే కిలోమీటరు స్లాబ్ తయారవుతుంది.

ముందు డబ్బా సైజు. ఇక్కడే సగం మోడల్స్ పాడవుతాయి. రూల్ ఏంటంటే మీ సిగ్నల్‌లో ఉన్న అతి పొట్టి వేవ్‌లెంగ్త్‌లో కనీసం 10 డబ్బాలు పట్టాలి. చాలామంది సెంటర్ ఫ్రీక్వెన్సీతో లెక్కేస్తారు, అది తప్పు. 1.5 గిగాహెర్ట్జ్ రికర్ అనే పొట్టి పల్స్ అంటే అందులో 4 గిగాహెర్ట్జ్ దాకా లెక్కలోకి తీసుకోవాల్సిన ఎనర్జీ ఉంటుంది. కాంక్రీట్ పర్మిటివిటీ (తరంగం అందులో ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 6 అనుకుంటే, గాల్లో 4 గిగాహెర్ట్జ్ వేవ్‌లెంగ్త్ 75 ఎంఎం, దాన్ని 6 వర్గమూలంతో అంటే 2.45తో భాగిస్తే దాదాపు 31 ఎంఎం, అందులో పదోవంతు 3 ఎంఎం. కాబట్టి కాంక్రీట్ కోసమైతే 2 ఎంఎం డబ్బా హాయిగా సరిపోతుంది. కానీ యాంటెన్నా కోసం సరిపోదు. యాంటెన్నాలో ఫీడ్ గ్యాప్ (సిగ్నల్ ఇచ్చే సందు) ఉంటుంది, బోర్డు మందం ఉంటుంది, బౌటై (ఎదురెదురుగా రెండు త్రిభుజాల యాంటెన్నా) ఏటవాలు అంచులుంటాయి, ఈ డబ్బాల్లో ఏటవాలు గీత అంటే మెట్లే కదా, మెట్లు ఎంత చిన్నవైతే అంత మంచిది. సో యాంటెన్నా ఉన్న మోడల్‌కి 1 ఎంఎం పెట్టుకోండి. వేవ్‌లెంగ్త్ రూల్ దాటితే చాలదు, మోడల్లో అతి సన్నటి వస్తువు కూడా డబ్బాల్లో పట్టాలి.

దీని ఖరీదు కూడా తెలుసుకోండి మరి. డబ్బా సగం చేస్తే డబ్బాల సంఖ్య 8 రెట్లు, టైమ్ స్టెప్ కూడా సగమవుతుంది కాబట్టి మొత్తం పని 16 రెట్లు. టైమ్ స్టెప్ మీరు ఇవ్వక్కర్లేదు, కూరాంట్ షరతు (ఒక్క స్టెప్‌లో తరంగం డబ్బా దాటిపోకూడదన్న రూల్) ప్రకారం ప్రోగ్రామే తీసుకుంటుంది, 1 ఎంఎం డబ్బాకి సుమారు 1.93 పికోసెకండ్లు. 400 బై 400 బై 300 డబ్బాల మోడల్ అంటే 4.8 కోట్ల డబ్బాలు, ఒక్కోదానికి 6 ఫీల్డ్ విలువలు, 4 బైట్ల చొప్పున ఫీల్డ్స్‌కే 1.15 గిగాబైట్లు, దాని మీద మెటీరియల్ వివరాలు వేరే. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో పడుతుంది గానీ ఆ పూట బ్రౌజర్ మూసేసుకోవాలి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని "కుడా" అనే సాఫ్ట్‌వేర్‌తో లెక్కల్ని కార్డు మీదే నడపొచ్చు, నా అనుభవంలో రాత్రంతా నడిచే పని టీ తాగొచ్చేలోపు అయ్యింది.

సరే, ఇప్పుడు అసలు పని. నేరుగా బౌటై మీదకి దూకకండి. ముందు గాల్లో ఒక మామూలు వైర్ డైపోల్, అంటే మధ్యలో గ్యాప్ ఉన్న తిన్నటి తీగ, కట్టండి, ఎందుకంటే దాని జవాబు పుస్తకాల్లో ఉంది, మీ సెటప్ కరెక్టో కాదో అదే చెప్పేస్తుంది. జీపీఆర్‌మ్యాక్స్‌తో వచ్చే ఉదాహరణల్లో కూడా ఇది ఉంది. డొమైన్ 0.05, 0.05, 0.2 మీటర్లు, డబ్బా 1 ఎంఎం, టైమ్ విండో 60 నానోసెకండ్లు. ఎడ్జ్ కమాండ్‌తో జడ్ దిశలో 0.025 నుంచి 0.175 దాకా పర్ఫెక్ట్ కండక్టర్ తీగ గీయండి, అంటే 150 ఎంఎం. తర్వాత మధ్యలో 0.1 నుంచి 0.101 దాకా ఒక్క డబ్బా పొడవు ఫ్రీ స్పేస్ ఎడ్జ్ గీయండి, అదే ఫీడ్ గ్యాప్. ఆ గ్యాప్‌లో ట్రాన్స్‌మిషన్ లైన్ కమాండ్‌తో 73 ఓమ్‌ల లైన్ పెట్టి 1 గిగాహెర్ట్జ్ గాసియన్ పల్స్ ఇవ్వండి.

ఇక్కడ వరుస చూడండి, తీగ ముందు, గ్యాప్ తర్వాత. ఈ ప్రోగ్రాంలో తర్వాత రాసింది ముందు రాసినదాని మీద పడుతుంది, గోడకి సున్నం వేసినట్టు, చివరి పూతే కనిపిస్తుంది. గ్యాప్ ముందు రాసి తీగ తర్వాత రాస్తే గ్యాప్ మూసుకుపోతుంది, ఎర్రర్ కూడా రాదు. ఇదే తప్పు పెద్ద మోడల్లో ఇంకో వేషంలో వస్తుంది, యాంటెన్నా రాశాక నేల బాక్స్ రాస్తారు, ఆ బాక్స్ ఎత్తు ఒక డబ్బా ఎక్కువైనా యాంటెన్నా అడుగు మట్టిలో కలిసిపోతుంది. అందుకే నేల ముందు, యాంటెన్నా చివర.

పైన తీగ గోడ నుంచి 25 డబ్బాల దూరంలో ఉంది కదా, అది ఊరికే పెట్టింది కాదు. డొమైన్ చుట్టూ తరంగాల్ని మింగేసే పొర ఉంటుంది, పీఎంఎల్ అంటారు, మామూలుగా 10 డబ్బాల మందం, అది డొమైన్ లోపలే ఉంటుంది, బయట కాదు. 25లో 10 పోతే తీగకీ దానికీ మధ్య 15 మిగిలాయి. నేను ఏ మోడల్లోనూ ఈ 15 కంటే తగ్గనివ్వను, యాంటెన్నా దగ్గర ఫీల్డ్స్‌ని పీఎంఎల్‌కి తగలనిస్తే ఇంపీడెన్స్ (కరెంటుకి యాంటెన్నా చూపే అడ్డు) మారిపోతుంది.

60 నానోసెకండ్లు ఎందుకు, పల్స్ ఎప్పుడో అయిపోతుంది కదా అంటారా. ఫ్రీక్వెన్సీలోకి మార్చినప్పుడు రెండు పాయింట్ల మధ్య దూరం టైమ్ విండోకి విలోమం, 60 నానోసెకండ్లకి 16.7 మెగాహెర్ట్జ్ వస్తుంది. 6 నానోసెకండ్లే ఇస్తే 167 మెగాహెర్ట్జ్‌కో చుక్క, రెజొనెన్స్ రెండు చుక్కల మధ్య ఎక్కడో దాక్కుంటుంది. పైగా తీగ మోగుతూ ఉంటుంది, ఆ మోత పూర్తిగా చల్లారాకే విండో ముగియాలి.

రన్ అయ్యాక టూల్స్ ఫోల్డర్లో యాంటెన్నా పారామీటర్స్ గీసే స్క్రిప్ట్ ఉంటుంది, దాన్ని ఔట్‌పుట్ ఫైల్ మీద నడపండి. 150 ఎంఎం సగం వేవ్‌లెంగ్త్ అయితే మొత్తం 300 ఎంఎం, అంటే 1 గిగాహెర్ట్జ్. కానీ ఎస్11 (యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్) లోయ 1 గిగాహెర్ట్జ్‌కి కొంచెం కిందే పడాలి, ఎందుకంటే సరిగ్గా సగం వేవ్‌లెంగ్త్ దగ్గర డైపోల్ ఇంపీడెన్స్ 73 ఓమ్‌లతో పాటు 42.5 ఓమ్‌ల ఇండక్టివ్ భాగం కూడా ఉంటుంది, ఆ భాగం సున్నా అయ్యేది కాస్త తక్కువ ఫ్రీక్వెన్సీలో. రెసిస్టెన్స్ 70 చుట్టుపక్కల, లోయ 1కి కాస్త కింద కనిపిస్తే మీ ఇన్‌స్టలేషన్, గ్యాప్, పీఎంఎల్ అన్నీ సరిగ్గా ఉన్నట్టే. సరిగ్గా 1.000 దగ్గర వచ్చిందని సంబరపడితే మాత్రం ఇంకోసారి చూసుకోండి.

తర్వాత మెట్టు, బౌటై. జీపీఆర్‌లో సన్న తీగ డైపోల్ పెద్దగా పనికిరాదు, అది ఇరుకైన బ్యాండ్‌లోనే పని చేసి గంటలా మోగుతూ ఉంటుంది, మనకేమో ఒక్కసారి టప్‌మని కొట్టి ఆగిపోయే పల్స్ కావాలి. అందుకే త్రిభుజాల ఆకారం, దాని చివర్లలో రెసిస్టెన్స్, వెనక షీల్డ్ అనే మెటల్ డబ్బా, ఆ డబ్బాలో తరంగాల్ని మింగే ఫోమ్. ట్రయాంగిల్ కమాండ్‌తో మందం సున్నా ఇచ్చి రెండు ముక్కలు ఎదురెదురుగా గీస్తే బౌటై అయిపోతుంది. మధ్యలో ఒక డబ్బా గ్యాప్, అందులో లోపలి రెసిస్టెన్స్‌తో వోల్టేజ్ సోర్స్. పక్కనే రిసీవర్ బౌటై. పైన మెటల్ డబ్బాకి బాక్స్ కమాండ్, ముందు మొత్తం మెటల్, తర్వాత లోపల ఫోమ్ మెటీరియల్‌తో ఇంకో చిన్న బాక్స్, మళ్ళీ సున్నం పూత లెక్కే.

రిసీవర్ గ్యాప్‌లో రెసిస్టర్ పెట్టడానికి చాలామంది చేసే పని, ఆ ఒక్క అంచుకి కొంత కండక్టివిటీ ఉన్న మెటీరియల్ ఇవ్వడం. లెక్క సింపుల్, ఘనాకారపు డబ్బాకి రెసిస్టెన్స్ అంటే 1ని కండక్టివిటీ, డబ్బా సైజుల గుణింతంతో భాగించడం. 1 ఎంఎం డబ్బాలో 50 ఓమ్‌లు కావాలంటే మీటరుకి 20 సీమెన్స్. ఇదే నన్ను 10 రోజులు తిన్న తప్పు. టైమ్ ఆదా చేద్దామని డబ్బా 2 ఎంఎంకి మార్చా, ఆ 20ని అలాగే వదిలేశా. 2 ఎంఎం డబ్బాలో 20 సీమెన్స్ అంటే 25 ఓమ్‌లు, 50 ఓమ్‌లకి ఇవ్వాల్సింది 10 సీమెన్స్. సిగ్నల్ ఎత్తు తగ్గింది, మోత మారింది, నేనేమో రిజల్యూషన్ తగ్గింది కదా అందుకే అనుకున్నా. ఇప్పుడు ఈ విలువని చేత్తో రాయను, ఫైల్లోనే పైథాన్ బ్లాక్ పెట్టి డబ్బా సైజు నుంచి లెక్క వచ్చేలా రాస్తా.

మీ దగ్గర ఉన్నది మార్కెట్లో దొరికే యాంటెన్నా అయితే మొదటి నుంచి కట్టక్కర్లేదు. జీపీఆర్‌మ్యాక్స్ యూజర్ లైబ్రరీలో అమెరికా కంపెనీ జీఎస్ఎస్ఐ వాళ్ళ 1.5 గిగాహెర్ట్జ్, 400 మెగాహెర్ట్జ్, స్వీడన్ కంపెనీ మాలో వాళ్ళ 1.2 గిగాహెర్ట్జ్ యాంటెన్నాల్లాంటి మోడల్స్ ఉన్నాయి. "లాంటి" అనే మాట వాటి పేరులోనే ఉంది, గమనించండి. కంపెనీలు లోపలి వివరాలు బయటపెట్టవు కదా, ఫోమ్ పర్మిటివిటీ ఎంత, పల్స్ ఎలాంటిది, రెసిస్టర్ల విలువలేంటి అన్నీ తెలియనివే. వారెన్, జియానోపోలస్ 2011లో వేసిన పేపర్లో చేసింది, కంటికి కనిపించే కొలతలు స్కేలుతో తీసుకుని, తెలియని విలువల్ని మాత్రం టాగుచి పద్ధతితో వెతకడం. టాగుచి అంటే జపాన్ క్వాలిటీ ఇంజనీర్, ఫ్యాక్టరీల్లో తక్కువ ప్రయోగాలతో మంచి సెట్టింగ్ పట్టుకోవడానికి ఆయన వాడిన పట్టికలనే ఇక్కడ వాడారు. 4 తెలియని విలువలు, ఒక్కోదానికి 3 స్థాయిలు అనుకుంటే అన్నీ ప్రయత్నించడానికి 81 రన్లు, ఎల్9 పట్టికతో 9 చాలు, ఆ 9 చూసి హద్దులు దగ్గరికి లాక్కుని మళ్ళీ 9. ఒక్కో రన్ గంటలు పట్టే చోట ఈ తేడా చిన్నది కాదు.

మీ సొంత యాంటెన్నాకి ఇలా చేయాలంటే పోల్చడానికి నిజం కొలత కావాలి, దాన్ని స్లాబ్ మీద తీయకండి. యాంటెన్నాని చుట్టుపక్కల ఏమీ లేకుండా ఆకాశం వైపు తిప్పి, ట్రాన్స్‌మిటర్ నుంచి రిసీవర్‌కి నేరుగా వచ్చే సిగ్నల్ రికార్డ్ చేయండి. నేల గురించి ఏ సందేహమూ లేని కొలత అది. రెండోది, పెద్ద మెటల్ షీట్ మీద తెలిసిన ఎత్తులో పట్టుకుని తీసింది. మొదటిదానితో విలువలు వెతకండి, రెండోదాన్ని ముట్టుకోకుండా పరీక్షకి దాచుకోండి. రెండూ వెతకడానికే వాడేస్తే ఇక చెక్ చేయడానికేం మిగలదు. పోల్చే ముందు రెండు సిగ్నల్స్‌నీ మొదటి శిఖరం దగ్గర కలిపి, ఎత్తు 1కి నార్మలైజ్ చేసుకోండి, మెషీన్ ఇచ్చే అంకెలకి వోల్టులతో సంబంధం ఏంటో ఎలాగూ మనకి చెప్పరు. మెషీన్లో గెయిన్, ఫిల్టర్లు అన్నీ ఆపేసి తీయడం మర్చిపోకండి, ఇది మర్చిపోయి రెండోసారి సైట్‌కి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు (నేనే).

ఇప్పుడు నేల మీద పెట్టి చూడండి. యాంటెన్నా గాల్లో ఒకలా, నేల మీద ఇంకోలా ప్రవర్తిస్తుంది, నేల దగ్గరయ్యే కొద్దీ దాని ఫ్రీక్వెన్సీ కిందకి జారుతుంది. కాబట్టి స్లాబ్‌కీ యాంటెన్నాకీ మధ్య 5 ఎంఎం గాలి ఉందా, పూర్తిగా ఆనిందా అనేది మోడల్లో కూడా నిజంగా ఉన్నట్టే పెట్టాలి. ఇక్కడ ఇంకో చెక్ ఉంది, నాకు బాగా ఇష్టమైనది. నేల మీద పెట్టిన చిన్న డైపోల్ దూరంగా ఎలా వెలుగుతుందో సిద్ధాంతం చెప్తుంది, క్రిటికల్ యాంగిల్ దగ్గర ఒక తలంలో శిఖరం, ఇంకో తలంలో లోయ రావాలి. పర్మిటివిటీ 5 అయితే ఆ కోణం 26.6 డిగ్రీలు, 9 అయితే 19.5. నేల లోపల అర్ధచంద్రాకారంలో రిసీవర్లు పెట్టి ఎనర్జీ గీసుకుంటే కనిపించాలి. బౌటై, షీల్డ్ పెట్టాక ఆ పదును తగ్గుతుంది, అది మామూలే, కానీ హెర్ట్జియన్ డైపోల్ (పైన చెప్పిన చిన్న డైపోల్)తోనే రాకపోతే మీ రిసీవర్లు మరీ దగ్గరగా ఉన్నట్టు.

మట్టి విషయంలో నష్టం లెక్క ముందే వేసుకోండి. కండక్టివిటీ మీటరుకి ఎన్ని మిల్లీసీమెన్స్ అయితే దాన్ని 1.64తో గుణించి పర్మిటివిటీ వర్గమూలంతో భాగిస్తే మీటరుకి ఎన్ని డెసిబెల్స్ పోతాయో సుమారుగా వస్తుంది. తడిసిన నల్లరేగడి లాంటి బంకమట్టికి 50 మిల్లీసీమెన్స్, పర్మిటివిటీ 20 వేస్తే మీటరుకి 18 డెసిబెల్స్, వెళ్ళి రావడానికి 36 పైనే. అలాంటి చోట మీటరు లోతు పైపు మోడల్లో బ్రహ్మాండంగా కనిపిస్తుంది, ఎందుకంటే మోడల్లో నాయిస్ లేదు! 2025 ఫిబ్రవరిలో ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు జీపీఆర్ తీసుకుని లోపలికి వెళ్ళడం అందరూ వార్తల్లో చూసే ఉంటారు, బురద, నీళ్ళు, విరిగిన మెషీన్ ఇనుము కలిసిన చోట ఈ పరికరంతో పని ఎంత కష్టమో ఈ లెక్క ఒక్కసారి వేస్తే అర్థమవుతుంది.

చివరగా బీ-స్కాన్, అంటే యాంటెన్నాని జరుపుతూ తీసే పూర్తి బొమ్మ. చుక్క సోర్స్ అయితే సోర్స్ స్టెప్స్, రిసీవర్ స్టెప్స్ కమాండ్లు రాస్తే అవే జరుగుతాయి. యాంటెన్నా మోడల్‌కి అది పనిచేయదు, సోర్స్ ఒక్కటే జరిగి మెటల్ డబ్బా అక్కడే ఉండిపోతుంది. పైథాన్ బ్లాక్‌లో యాంటెన్నా పిలిచే చోట ఎక్స్ విలువకి ప్రస్తుత రన్ నంబర్ వేరియబుల్‌ని స్టెప్‌తో గుణించి కలపాలి. స్టెప్ కచ్చితంగా డబ్బా సైజుకి గుణిజంగా ఉండాలి, లేకపోతే ఒక రన్‌లో గ్యాప్ ఒక డబ్బా అటు, ఇంకో రన్‌లో ఇటు పడుతుంది. జామెట్రీ ఫిక్స్‌డ్ అనే ఆప్షన్ టైమ్ ఆదా చేస్తుందని పెట్టకండి, ప్రతి రన్‌లో జామెట్రీ మారుతోంది కదా. అన్నిటికన్నా ముందు, మొదటి రన్ జామెట్రీని, చివరి రన్ జామెట్రీని ఫైల్‌గా రాయించి పారావ్యూ (3డీ బొమ్మలు చూపే ఫ్రీ ప్రోగ్రాం)లో తెరిచి కళ్ళతో చూడండి. చివరి రన్‌లో యాంటెన్నా పీఎంఎల్‌లోకి దూరిపోయిందని 58 రన్లు అయ్యాక తెలిస్తే ఏడుపొస్తుంది.

మొదట్లో చెప్పిన నా స్లాబ్ సంగతికొద్దాం. 16 ఎంఎం రాడ్, పైన 60 ఎంఎం కవర్, ట్రాన్స్‌మిటర్ రిసీవర్ మధ్య దాదాపు 60 ఎంఎం. కాంక్రీట్‌లో వేగం నానోసెకండ్‌కి 122 ఎంఎం, ఏటవాలు దారి లెక్కేస్తే రాడ్ జవాబు సుమారు 1.1 నానోసెకండ్లకి వస్తుంది. నేరుగా గాల్లో వచ్చే సిగ్నల్ 0.2కే వచ్చేస్తుంది, కానీ పల్స్ పొడవే దాదాపు 1 నానోసెకండ్, దాని వెనక మెటల్ డబ్బా మోత. అంటే రాడ్ సిగ్నల్ సరిగ్గా యాంటెన్నా సొంత గోల మీదే పడుతోంది, చుక్క సోర్స్‌లో ఆ గోల లేదు కాబట్టే నా మొదటి బొమ్మ అంత నీట్‌గా వచ్చింది. యాంటెన్నా పెట్టి రెండుసార్లు రన్ చేశా, రాడ్ ఉన్నది ఒకటి, అన్నీ అలాగే ఉంచి రాడ్ లైన్ తీసేసింది ఒకటి, రెండోదాన్ని మొదటిదాంట్లోంచి తీసేస్తే మిగిలింది రాడ్ ఒక్కటే, దాని కింద ఆ రెండు అదనపు గొడుగులతో సహా. అవి కింద ఇంకేవో రాడ్లు కావు, ఆ ఒక్క రాడ్ సిగ్నలే షీల్డ్ లోపల కొట్టుకుని మళ్ళీ మళ్ళీ వస్తోంది.